కౌజు కూత: వేటలో, వంటలో, కథలో ఒక పక్షి పేరు

వ్యాససంగ్రహం: తెలుగునేల మెట్టప్రాంతాల్లో కనిపించే కౌజు ప్రధానమైన వేటపక్షి. వైద్యగ్రంథాలు, పురాణాలు, జాతకకథలు దీనిని తిత్తిరి పేరుతో బాగా ఎరుగును. తెలుగు సాహిత్యవిమర్శ మాత్రం దీనిని పెద్దగా పట్టించుకోలేదు. మన విమర్శలో వేట అంటే రాజు వేట, మృగం అంటే పంది, పులి, జింక. దీమాన్ని, అంటే ఎరపక్షిని, పెట్టి ఉచ్చు పన్నే చిన్నవేట ఆ పరిధిలోకి రాలేదు. ఈ ఉపేక్ష ఫలితం పక్షి పేరులోనే కనిపిస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కౌజును మనుషులు ఎరిగిన దారులు రెండు: దాని కూత, దాని మాంసం. ఈ రెండింటి జ్ఞానమూ వేటగాని చేతిలో ఉండేది. అతడు సాహిత్యానికీ చట్టానికీ వెలుపల నిలిచినప్పుడు పేరు ఆధారం కోల్పోయింది.

కీలకపదాలు: కౌజు, తిత్తిరి, పూరేడు, దీమం, విష్కిరం, వేట, పిట్టలదొర, నిఘంటువు.

1. ఉపోద్ఘాతం

ఇవాళ తెలుగు పట్టణాల్లో భోజనశాలల ముందు 'కౌజుపిట్టల వేపుడు' అన్న బోర్డు సాధారణం. వ్యవసాయ పత్రికల్లో 'కౌజుపిట్టల పెంపకం' మీద వ్యాసాలు వస్తుంటాయి. ఈ రెండుచోట్లా కౌజు అనిపించుకుంటున్నది జపాన్ జాతి పూరేడు. 1974లో అమెరికానుంచి మన దేశానికి వచ్చిన పెంపుడు పక్షి ఇది. అసలు కౌజు ఇది కాదు. అది మెట్టచేలల్లో, తుప్పల్లో, బంజరుల్లో తిరిగే మరో పక్షి. ఆకారంలో పూరేడుకంటే చాలా పెద్దది, కూతలో, నడతలో దానికి భిన్నమైనది.

పేర్లు మారడం భాషకు సహజం. జనం వాడుకను తప్పుపట్టడం ఈ వ్యాస లక్ష్యం కాదు. ఒక పక్షి పేరు మరో పక్షికి ఇంత సులువుగా, ఎవరి అభ్యంతరమూ లేకుండా ఎలా చేరిందన్నదే ఇక్కడి ప్రశ్న. దీనికి సమాధానం కోసం నిఘంటువును, వైద్యశాస్త్రాన్ని, పురాణాన్ని, ప్రబంధాన్ని, జానపదకళను ఒకే పక్షి చుట్టూ కూర్చి పరిశీలించవలసి ఉంది.

2. కముజు, కవుంజు, కౌజు

కౌజు శాస్త్రీయనామం ఆర్టిగోర్నిస్ పాండిసెరియానస్. మొదట వర్ణితమైన నమూనా పుదుచ్చేరి ప్రాంతానిది కావడంవల్ల ఈ పేరు వచ్చింది. దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు, బూడిద గోధుమ వన్నె ఒంటిమీద సన్నని అడ్డచారలు, లేతరంగు గొంతు చుట్టూ పలుచని నల్లగీత దీని గుర్తులు. మగపక్షి కాళ్లకు ముల్లు ఉంటుంది. అలికిడి వింటే ముందు పరుగెత్తుతుంది, తప్పనిసరి అయితేనే ఎగురుతుంది. నేలను కాళ్లతో గీరి గింజలను, చెదలను ఏరుకుంటుంది. రాత్రి పొట్టి ముళ్లచెట్లమీద గడుపుతుంది. తెల్లవారుజామున మూడక్షరాల తాళంలో పదేపదే కూస్తుంది.

నిఘంటువుల్లో ఈ పక్షికి కముజు, కౌజు అన్న రూపాలు కనిపిస్తాయి. పదమధ్యంలోని మకారం అనునాసిక వకారంగా మారడం తెలుగులో తెలిసిన పరిణామమే. మామిడి మావిడి అయినట్లే కముజు కవుఁజు అయి, ఆపైన కౌజు అయిందని భావించవచ్చు. ఈ నడిమిరూపానికి ఒక సాక్ష్యం అనుకోనిచోట దొరుకుతుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడై, నెల్లూరులో కూడా పనిచేసిన టి. సి. జెర్డన్ 1862-64 మధ్య భారతీయ పక్షులపై వెలువరించిన గ్రంథంలో ఈ పక్షి తెలుగు పేరును 'కవుంజు' అని చదువుకోదగిన రూపంలో నమోదు చేశాడు. అదే గ్రంథంలో పూరేడు జాతులకు 'గోగరి ఎల్లిచి', 'చిన్న ఎల్లిచి' వంటి వేర్వేరు తెలుగు పేర్లు కనిపిస్తాయి. ఒక్కొక్క జాతిని వేరుగా గుర్తించి, వేరుగా పిలిచే మనుషులు ఉంటేనే ఇలాంటి పేర్లు పుడతాయి. వాటిని విదేశీ వైద్యుని చెవిన వేసినవారు పండితులు కారు, పక్షులు పట్టేవారేనని ఊహించడం అసంగతం కాదు.

మన నిఘంటుసంప్రదాయం ఇలాంటి పదాలకు తరచుగా 'పక్షివిశేషము' అన్న అర్థంతో సరిపెట్టింది. మరీ ఉదారంగా ఉన్నచోట సంస్కృతపర్యాయం ఇస్తుంది: తిత్తిరి, లావుకము. ఈ పద్ధతికి కావ్యపాఠకుని అవసరమే ప్రమాణం. పద్యంలో ఆ మాట ఎదురైతే అదొక పక్షి అని తెలిస్తే అతనికి చాలు. అది ఎక్కడ తిరుగుతుంది, ఎలా కూస్తుంది, ఎవరు పట్టేవారు అన్న సంగతులు ఆరోపంలో లేవు.

ఈ రెండు పేర్ల భేదాన్ని శ్రద్ధగా పాటించిన ప్రసిద్ధ తెలుగు గ్రంథం ఒకటి ఉంది. అది బైబిలు పాత అనువాదం. నిర్గమకాండం 16వ అధ్యాయంలో సాయంకాలం పాళెంమీద వాలిన పక్షులు పూరేళ్లు. సమూయేలు మొదటిగ్రంథం 26వ అధ్యాయంలో దావీదు తనను కొండలమీద తరిమే పక్షితో పోల్చుకొన్నప్పుడు ఆ పక్షి కౌజుపిట్ట. యిర్మీయా 17వ అధ్యాయంలో, తాను పెట్టని గుడ్లను పొదిగే పక్షిగా అన్యాయార్జితానికి ఉపమానమైనదీ కౌజుపిట్టే. పాలస్తీనా పక్షి, మన కౌజు ఒకే జాతివి కావు. అయినా గుంపుగా వచ్చి వాలే చిన్నపిట్టకు పూరేడును, కొండల్లో తరిమి వేటాడే పక్షికి కౌజును ఎంచుకోవడంలో అనువాదకులు తెలుగు పేర్ల భేదాన్ని చక్కగా నిలబెట్టారు. యిర్మీయా ఉపమానం నేటి స్థితికి వింతగా అతుకుతుంది: కౌజు అన్న పేరు ఇవాళ తనవి కాని గుడ్లను పొదుగుతున్నది.

దక్కనీ, హిందుస్థానీ వాడుకలో తీతర్ వేరు, బటేర్ వేరు. పొంతనలేని రెండింటిని కలిపి కట్టినదానిని 'ఆధా తీతర్, ఆధా బటేర్' అని ఎగతాళి చేస్తారు. సగం కౌజు, సగం పూరేడు అని అర్థం. ఆ సామెత అక్కడ నవ్వు పుట్టించాలంటే రెండు పక్షులూ వినేవారికి విడిగా తెలిసి ఉండాలి. తెలుగు అంగడిలో ఆ సామెత నిజమై కూర్చుంది, నవ్వు మాత్రం పోయింది.

3. మాంసం: విష్కిరం అంటే ఏమిటి?

ఆయుర్వేద గ్రంథాల్లో తిత్తిరి, లావుకం 'విష్కిర' వర్గానికి చెందుతాయి. విష్కిరం అంటే నేలను గీరి, చిమ్మి, ఆహారం ఏరుకొనేది. చరకసంహిత సూత్రస్థానంలో పథ్యమైన పక్షిమాంసాలన్నిటిలో లావుకమాంసానికి అగ్రస్థానం ఇచ్చారు. తిత్తిరిమాంసం వాతప్రధానమైన త్రిదోషాలను శమింపజేస్తుందని చెబుతూ అందుకు కారణాన్ని కూడా చూపారు: ఆ పక్షి మెరకనూ పల్లాన్నీ, అంటే ఎండునేలనూ తడినేలనూ, ఆశ్రయించి బతుకుతుంది.

విమర్శకునికి ఇక్కడ ముఖ్యమైనది చికిత్సాఫలం కాదు, వర్గీకరణ పద్ధతి. ప్రాచీనవైద్యుడు మాంసం గుణాన్ని మాంసంలో వెదకలేదు. పక్షి నడిచే నేలలో, గీరే కాళ్లలో, తినే తిండిలో వెదికాడు. వర్గానికి పెట్టిన పేరు కూడా పక్షి చేసే పనినిబట్టే వచ్చింది. ఇలాంటి పరిశీలన వైద్యుడు ఇంట్లో కూర్చుని చేయగలిగినది కాదు. పక్షిని అది తిరిగేచోట చూసినవారి మాట దాని వెనుక ఉండాలి.

అష్టాంగహృదయం సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో మరో ఆసక్తికరమైన నిషేధం ఉంది. తిత్తిరి, లావుకం, కపింజలం, నెమలి, ఉడుము మాంసాలను ఆముదపు కట్టెల మంటమీద ఆముదపు నూనెతో వండరాదు. అది ప్రాణాంతకమైన విరుద్ధాహారమని దాని అభిప్రాయం. ఆముదపు పంట విస్తారంగా ఉన్న పాలమూరు, నల్లగొండ మెట్టల్లోనే కౌజులూ తిరుగుతాయి. కౌజు దొరికేచోట ఆముదపు కంప కూడా చేతికందే వంటచెరకే. అంటే ఈ నిషేధం ఊహాలోకపు నియమం కాదు. ఇలాంటి మెట్టపొలం ఎరిగినవారికి మాత్రమే అవసరమయ్యే నియమం. దీని శాస్త్రీయతను వైద్యులు తేల్చవచ్చు. నేలకూ పొయ్యికీ ఉన్న సంబంధాన్ని ఈ వాక్యం ఎంత స్పష్టంగా గుర్తించిందో సాహిత్యవిద్యార్థి గమనించాలి.

ఈ దృష్టితో చూస్తే నేటి కౌజుపిట్టల వేపుడు వట్టి పేరు మార్పు కాదు. పంజరంలో మొక్కజొన్న, సోయా దాణాతో పెరిగి, అయిదారు వారాల్లో కోతకు వచ్చే పక్షికి గీరడానికి నేల లేదు. అది జాతిని బట్టి లావుకానికి బంధువే కావచ్చు. జీవనాన్ని బట్టి విష్కిరం కాదు. చరకుని వర్గీకరణ జాతిమీద కాక జీవనంమీద ఆధారపడినది గనుక, ఆ గ్రంథం చెప్పిన గుణాలను పెంపుడు పూరేడుకు అంటగట్టి చేసే ప్రచారం మాటను తీసుకుని తర్కాన్ని వదిలేస్తున్నది.

4. నోరు: పురాణాల్లో తిత్తిరి

తైత్తిరీయసంహితలోనూ భాగవతం ఆరవ స్కంధంలోనూ ఉన్న విశ్వరూపుని కథ ప్రసిద్ధం. మూడుతలల విశ్వరూపుని ఇంద్రుడు వధించగా, సోమం తాగే తల కపింజలమైంది; సుర తాగే తల కలవింకమైంది; అన్నం తినే తల తిత్తిరి అయింది. మూడుతలలకూ మూడు నోళ్లు, మూడు నోళ్లకూ మూడు పక్షులు. నేలమీది గింజ ఏరుకొనే పక్షికి అన్నం తినే తలతో ముడిపెట్టడంలో ఆ కథ చూపిన లోకజ్ఞానం గమనించదగినది.

రెండవ కథ ఇంకా ప్రసిద్ధం. గురువైన వైశంపాయనుని ఆగ్రహానికి గురైన యాజ్ఞవల్క్యుడు నేర్చిన యజుస్సులను కక్కివేయగా, తోటిశిష్యులు తిత్తిరిపక్షుల రూపం ధరించి వాటిని తిన్నారు. అందువల్ల ఆ శాఖ తైత్తిరీయమైందని విష్ణుపురాణం, భాగవతం చెబుతాయి. తిత్తిరి అన్న ఋషి పేరుమీదనే శాఖకు ఆ పేరు వచ్చిందన్న అభిప్రాయమూ ఉంది. వ్యుత్పత్తి ఏదైనా, కథ ఎన్నుకున్న పక్షి ముఖ్యం. తెలుగునాట వేదాధ్యయనం చేసే కుటుంబాల్లో అధికభాగం ఈ శాఖవారే. మాంసం ముట్టని ఇళ్లలో ప్రతిరోజూ వల్లెవేసే వేదానికి ఒక వేటపక్షి పేరు ఉంది.

ఈ రెండు కథల్లోనూ పక్షి నోటిద్వారానే కథలోకి వస్తుంది. ఒకచోట తినే నోరు పక్షి అవుతుంది. మరోచోట పక్షి నోరు వేదాన్ని తింటుంది, తిరిగి పలుకుతుంది. తినడం, పలకడం అనే రెండు పనులూ ఒకే నోటివన్న సంగతిని తైత్తిరీయకథ ఒక్క ఘటనలో పట్టుకుంది. వేటగాడు కూడా ఈ పక్షిని దాని నోటినిబట్టే ఎరుగును. అతని వేటకు ఆధారం దాని కూత.

5. దీమం: కూతే ఉచ్చు

తెలుగులో దీమం అన్న మాట ఉంది. తమ జాతి మృగాలను, పక్షులను దగ్గరికి రప్పించడానికి వేటగాడు మచ్చికచేసి పెంచే మృగం లేదా పక్షి అని దాని అర్థం. కౌజువేటలో దీమానిదే ప్రధానపాత్ర. మచ్చికైన మగకౌజును గూటిలో పెట్టి, తెల్లవారకముందే తుప్పల అంచున ఉంచుతారు. గూటి చుట్టూ ఉచ్చులు పరుస్తారు. వెలుగురేఖ కనబడగానే గూటిలోని పక్షి కూస్తుంది. ఆ చోటును తనదిగా ఏలుకుంటున్న అడవికౌజుకు అది సవాలుగా వినిపిస్తుంది. జవాబిస్తూ, పోట్లాటకు సిద్ధమై, నేలమీద పరుగెత్తుకువస్తుంది. ఉచ్చులో కాలు పడుతుంది. ఇందులో వేటగాని బలం, వేగం ఏమీ లేవు. పక్షి స్వభావమే పక్షిని పట్టిస్తుంది. ఎరగా వేసినది గింజ కాదు, గొంతు.

ఈ వేటమీద ఒక ధర్మచర్చ బౌద్ధసాహిత్యంలో ఉంది. పాళీజాతకాల్లో 319వది తిత్తిరజాతకం. ఒక వేటగాడు ఒక తిత్తిరికి శిక్షణ ఇచ్చి దీమంగా వాడతాడు. తన కూత విని వచ్చిన బంధువులు చావడం చూసి ఆ పక్షి మౌనం వహిస్తుంది. వేటగాడు వెదురుకర్రతో తలమీద కొడతాడు. నొప్పికి అది అరుస్తుంది, ఆ అరుపుకు మరిన్ని పక్షులు వస్తాయి. ఈ పాపంలో తనకు పాలున్నదా అన్న సందేహం దానిని వేధిస్తుంది. చివరికి బోధిసత్త్వుడైన తాపసుని అడుగుతుంది. మనస్సులో చంపాలన్న తలపు లేనివానికి ఆ పాపం అంటదని తాపసుడు దాని సందేహం తీరుస్తాడు. కథ చివర ఆ పక్షే రాహులుడని చెబుతారు.

ఆ పాళీకథలో ఎరపక్షికి వాడిన మాట 'దీపక'. తెలుగు 'దీమ'తో దాని ధ్వనిసామ్యం గమనార్హం. ఈ సామ్యం వ్యుత్పత్తిసంబంధమా, యాదృచ్ఛికమా అన్నది భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన అంశం. ఈ వ్యాసానికి కావలసింది కథలోని ప్రశ్న. తాపసుని జవాబు దీమపు పక్షికి ఊరట ఇచ్చింది. దాని గొంతు నమ్మి వచ్చి చచ్చిన పక్షులకు ఆ జవాబులో చోటు లేదు. ఉద్దేశం లేకపోవడం ఒక్కటే చాలునా అన్న సంశయం కథ ముగిసినా మిగిలే ఉంటుంది. వ్యాసాంతంలో ఈ సంశయానికి తిరిగి రావలసి ఉంది.

6. ప్రబంధవేటలో లేని పక్షి

దండి కావ్యాదర్శంలో చెప్పిన మహాకావ్యవర్ణనల జాబితాలో వేట లేదు. 14వ శతాబ్దపు విశ్వనాథుని సాహిత్యదర్పణంలో మృగయావర్ణనకు చోటు దొరికింది. తెలుగు ప్రబంధాల్లో వేటవర్ణన బలమైన అంగమే. మనుచరిత్రలో స్వరోచి వేట, కాళహస్తీశ్వరమాహాత్మ్యంలో తిన్నని వేట మన పాఠ్యప్రణాళికల్లో తరచుగా కనబడేవి. వాటిమీద వచ్చిన విమర్శ వర్ణనానైపుణ్యాన్ని, దేశీయపదసంపదను, ఆటవిక జీవనచిత్రణను ప్రశంసించింది. కావ్యాలను సాంఘికచరిత్రకు ఆధారంగా చదివే దారిని సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చూపింది. ఆ దారిలో ఇంకా నడవవలసిన మేర ఉంది.

స్వరోచి కథలో ఒక ఘట్టాన్ని ఈ కోణంనుంచి మళ్లీ చదవవచ్చు. మనోరమ చెలికత్తెల్లో ఒకతె అతనికి సర్వప్రాణుల భాష తెలిసే విద్య ఇస్తుంది. ఆపైన అతడు పక్షుల మాటలు వింటాడు. ఆ మాటలు అతనిగురించే, అతని బహుభార్యాసక్తిని గురించిన ఆక్షేపణలే. రాజుకు పక్షిభాష వరంగా వచ్చింది, ఆ భాషలో అతనికి వినిపించింది తన కథే. కౌజులు పట్టేవానికి పక్షిభాష వరంగా రాలేదు. ఏళ్లతరబడి తుప్పల్లో కూర్చుని నేర్చాడు. ఆ భాషలో అతనికి వినిపించేది పక్షి కథ: ఎక్కడుంది, ఒంటిదా జంటదా, బెదిరిందా కయ్యానికి వస్తున్నదా. మొదటి జ్ఞానం కావ్యవస్తువైంది. రెండవది కాలేదు.

తిన్నడు రాజు కాడు, బోయదొర కొడుకు. భక్తికి కొలబద్దగా అతని వేట, అతని మాంసనివేదన కావ్యంలో నిలిచాయి. నోట కొరికి రుచిచూసిన మాంసాన్ని శివునికి పెట్టడంలో ధూర్జటి చూపిన సాహసాన్ని విమర్శకులు సరిగానే గుర్తించారు. అయితే అక్కడా వేట పెద్దవేటే. విల్లు, కుక్క, వల, గుంపు ఉన్న వేట. దీమం, గూడు, ఉచ్చు, గంటలకొద్దీ మౌనం ఉన్న ఒంటరివేట వీరరసానికి లొంగదు. అందులో పరుగు లేదు, రక్తం కూడా తక్కువే. చాళుక్య సోమేశ్వరుని 12వ శతాబ్దపు మానసోల్లాసం లావుకాల పోట్లాటను రాజవినోదాల్లో చేర్చింది. కామసూత్రం అరవైనాలుగు కళల్లో పొట్టేలు, కోడి, లావుకం పందేలకు చోటిచ్చింది. వీటిలోనూ పక్షి రాజాంగణానికి చేరిన తరువాతనే గ్రంథంలోకి వచ్చింది. దానిని పట్టి తెచ్చిన చేయి కనబడదు.

కావ్యంలో లేనిది జానపదంలో దొరకాలి కదా అనవచ్చు. తెలుగు జానపదపరిశోధన గేయంతో వేళ్లూనింది. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' దానికి పునాది. గేయానికి, కథకు, సామెతకు మాటలు ఉంటాయి, రాసుకోవచ్చు. నోటితో కౌజు కూత అనుకరించడానికి మాటలు లేవు. అది పాట కాదు, కథ కాదు. మన సేకరణపద్ధతులు మాటలకోసం తయారైనవి గనుక ఆ కూత ఏ వర్గంలోనూ ఇమడలేదు. ఉత్తరభారతంలో నల్లకౌజు కూతను ముల్లా దైవస్తుతిగా, కిరాణావర్తకుడు సరుకుల పేర్లుగా, మల్లుడు కసరత్తు మాటలుగా వింటారన్న చమత్కారకథ బాగా వ్యాప్తిలో ఉంది. కూతకు మాటలు తొడిగారు గనుక అది సేకరణలకు ఎక్కింది. మాటలు తొడగని కూత ఎక్కలేదు.

7. పిట్టలదొర: వేటగాడు నవ్వులపాలైన తీరు

పక్షుల వేటగాడు తెలుగు జానపదకళల్లో ప్రత్యక్షంగా కనిపించే చోటు ఒకటి ఉంది. అది పిట్టలదొర వేషం. ఖాకీ దుస్తులు, టోపీ, చేతిలో కొయ్యతుపాకి, నోట అంతులేని కోతలు. తుపాకిరాముడన్నా ఇతడే. లేని ఆస్తులు, జరగని పెళ్లిళ్లు, కాల్చని పిట్టలు అతని ప్రసంగానికి సరుకు. సాధారణంగా ఈ వేషాన్ని హాస్యకళగా, ఊరి వినోదంగా వర్ణించి ఊరుకుంటాం.

ఈ వేషంలో రెండు పొరలు ఉన్నాయి. పైపొరలో ఖాకీటోపీ, తుపాకీ ఉన్న దొర. వలసపాలకాలపు షికారుదారుకు ఇది అనుకరణ. కింది పొరలో వేషం కట్టే మనిషి. ఈ వేషాన్ని ఎక్కువగా కట్టేవారు సంచారజాతులవారు. పక్షులు పట్టి, అమ్మి బతికిన కుటుంబాలు వారిలో ఉన్నాయి. తన వృత్తిని ఆడంబరంగా, సరదాగా, తుపాకితో చేసిన దొరను అతడు వెక్కిరిస్తున్నాడు. కొయ్యతుపాకి పేలదు. ఉచ్చు, దీమం తెలిసినవాని దృష్టిలో దొర తుపాకి కూడా అలాంటిదే కావచ్చు. అయితే చూసేవారికి పైపొరే అందింది. ఎగతాళి దొరను వదిలి వేషధారికి అంటుకుంది. 'పిట్టలదొర' అంటే ఇవాళ కోతలరాయుడని అర్థం.

పిట్టలోళ్లు అని తెలుగులో పిలిచే సమూహానికి షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న పేర్లు నక్కల, కురువికారన్. తమిళంలో కురువి అంటే చిన్నపిట్ట. అధికారికమైన పేరులోనూ పక్షి ఉంది. వీరి ఇంటిభాష వాగ్రిబోలి, ఇండో ఆర్య కుటుంబానికి చెందినది. తెలుగు నిఘంటువులో కౌజు 'పక్షివిశేషము'గా మిగలడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చు. దానిని బాగా ఎరిగినవారిలో కొందరి భాష తెలుగు కాదు, మనం వారి భాషలో అడగలేదు.

8. చట్టం, జ్ఞానం, పరిశోధకుడు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటిరూపంలో కౌజులు, పూరేళ్లు నాలుగవ షెడ్యూలులో, 'చిన్నవేట' వర్గంలో ఉండేవి. అనుమతిపత్రంతో వేటాడే వీలుండేది. 1991 సవరణ ఆ వీలును తొలగించింది. నేడు కౌజును పట్టడం, అమ్మడం, తినడం నేరం. మెట్టభూములు తరిగిపోతున్న కాలంలో ఈ రక్షణ అవసరమే. దీమం వేట కేవలం సంస్కృతి కాదు, క్రూరత కూడా. జాతకంలోని వెదురుకర్ర దెబ్బ ఆ సంగతి మరవనివ్వదు. పక్షిని కాపాడే చట్టాన్ని సడలించమని ఈ వ్యాసం వాదించడం లేదు.

కానీ చట్టం వేటను ఆపినప్పుడు వేటతోపాటు పెరిగిన ఎరుకకు ఏమి గతి అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఏ తుప్పలో కౌజు గుడ్లు పెడుతుంది, ఏ నెలలో ఏ కూత కూస్తుంది, పూరేళ్లలో ఏది ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అన్న ఎరుక పక్షిని కాపాడడానికి కూడా పనికివచ్చేదే. వినియోగం ఆగిన జ్ఞానం ఒక తరంలో సన్నగిల్లుతుంది. పూర్వం పేరును నిలబెట్టినది ఆ జ్ఞానమే. కౌజునూ పూరేడునూ చేత పట్టినవాడు ఒకదాని పేరు మరొకదానికి పెట్టడు. అతడు అంగడినుంచి తప్పుకున్నాడు. అతని పక్షి కూడా తప్పుకుంది. ఖాళీ అయిన పేరును కొత్తసరుకు ఆక్రమించింది. పేరు సులువుగా చేతులు మారడానికి కారణం ఇదే. అభ్యంతరం చెప్పగలిగినవానికి మాట్లాడే చోటు మిగలలేదు.

ఇక్కడ పరిశోధకులు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మాండలికపదసేకరణలో పక్షి పేరును ఒంటరిగా కాక, దాని కూత, తిరిగే నేల, పట్టే సాధనం, వండే తీరు, చెప్పే సమూహంతో కలిపి నమోదు చేయాలి. కూతను, కూత అనుకరణను ధ్వనిరూపంలో భద్రపరచాలి. వాగ్రిబోలి వంటి భాషల పదాలను తెలుగు ఆరోపాల పక్కన ఉంచాలి. మనుచరిత్రనో కాళహస్తీశ్వరమాహాత్మ్యాన్నో బోధించే అధ్యాపకులు అందులో ఉన్న వేటతోపాటు లేని వేటను కూడా విద్యార్థుల ముందుంచాలి.

ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది. నేరంగా పరిగణితమయ్యే వృత్తిగురించి ఒక వృద్ధుడు మనల్ని నమ్మి చెప్పిన మాట, పేరుతో, ఊరితో, ఛాయాచిత్రంతో అచ్చయినప్పుడు, అతనిమీదనే సాక్ష్యమయ్యే అవకాశం ఉంది. అతని భాషలో పలకరించి, అతని నమ్మకం గెలిచి, అతన్ని బయటికి రప్పించేవాడు పరిశోధకుడు. ఆ బయటికి వచ్చిన చోట ఏ ఉచ్చు ఉన్నదో చూసుకోవలసిన బాధ్యత కూడా అతనిదే. తనకు చెడు తలపు లేదన్న సమాధానం తిత్తిరిజాతకంలోని పక్షికి సరిపోయి ఉండవచ్చు. అది గూటిలో ఉంది, దానిమీద కర్ర ఉంది. పరిశోధకుడు గూటిలో లేడు.

9. ముగింపు

కౌజును మన సంప్రదాయం నోటినిబట్టి ఎరిగింది. వైద్యం దాని మాంసాన్ని, అది తిరిగే నేలను కలిపి చదివింది. పురాణం తినే నోటికీ పలికే నోటికీ అదే పక్షిని గుర్తుగా నిలిపింది. జాతకం దాని కూతలోని ధర్మసంకటాన్ని వినిపించింది. బైబిలు అనువాదం దాని పేరును సరిగా వాడింది. ప్రబంధమూ, దానిని అనుసరించిన విమర్శా చిన్నవేటను చూడలేదు. జానపదకళలో వేటగాడు కనిపించినా, ఎగతాళిలోని అసలు గురి మనకు అందలేదు. పేరు మారడం ఈ ఉపేక్షకు చివరి ఫలితం.

పేరును వెనక్కి లాగి అసలు పక్షికి తగిలించడం నేడు సాధ్యం కాకపోవచ్చు. అంగడి మాటను నిఘంటువు ఆపలేదు. అంగడి మాట పక్కన పాతమాటను దాని ఆధారాలతో సహా నిలబెట్టడం మాత్రం నిఘంటువు చేయగలదు, చేయాలి. కౌజులు మన మెట్టల్లో ఇంకా ఉన్నాయి. తెల్లవారుజామున ఊరి వెలుపలికి వెళితే కూత వినిపిస్తుంది. ఆ కూతను విని ఇది కౌజు అని చెప్పగల మనుషులూ ఇంకా ఉన్నారు. వారిని అడగడం, అడిగినందువల్ల వారికి కీడు రాకుండా చూడడం, ఈ రెండూ కలిసినప్పుడే అది పరిశోధన.